సరస్సుకు సున్నం

న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాన, కొండల మధ్య ఒక చిన్న సరస్సు. 1984 మార్చిలో దాని మీద గడ్డకట్టిన మంచుపై రాధారాణి సున్నపురాయి పొడి పోయిస్తోంది. నీటిపరీక్షల ల్యాబులో ఆమె కెమిస్టు. ఆమ్లవర్షాలకు ఆ సరస్సులో చేపలన్నీ పోయాయి. స్వీడన్‌లో ఇలా పొడి పోసి సరస్సులను బాగుచేస్తున్నారని చదివి, కిందటేడు తనూ మొదలుపెట్టింది. కానీ మేలో, వాగు దగ్గర వలబుట్టలో వదిలిన ఇరవై ట్రౌట్ చేపపిల్లల్లో ఒక్కటీ బతకలేదు. ఈసారీ అంతే అయితే ప్రయోగం ఆపేస్తామన్నారు ఆఫీసులో.

“ఏమోయ్, సరస్సుకి మళ్ళీ సున్నాలా? పెళ్ళెవరికి?” అన్నాడు భర్త దామోదర్, బస్తా దించుతూ.

“చేపలకి. నడుం జాగ్రత్త, పెళ్ళిపెద్దగారూ!”

ఒడ్డున అద్దెగదులు నడిపే సిగ్నే ముసలమ్మ కాఫీ ఫ్లాస్కుతో వచ్చింది. ఆవిడ పుట్టింది స్వీడన్‌లో, వెనర్న్ అనే మహాసరస్సుకు కాలువతో కలిసే సరస్సుల వరస పక్కన. కలప, పెళ్ళివారు, ఉత్తరాలు అన్నీ ఆ నీళ్ళ మీదే వెళ్ళేవట. ఆగస్టు వస్తే ఊరంతా మంచినీటి రొయ్యలు ఉడకబెట్టుకుని, పాటలు పాడుకుంటూ తినేవారట. ఇక్కడి సరస్సులో చేపలు పోయాక ఆవిడ తన పడవ తెడ్లు అటక మీద పెట్టేసింది.

“మధ్యలో పోస్తావేం రాధా? అక్కడ మా తమ్ముడి ఊళ్ళో వాగు వచ్చి కలిసేచోట కూడా పోస్తారట. జాబు రాశాడు.”

రాధారాణి చేతిలో పార ఆగిపోయింది. చలికాలమంతా మంచులో పేరుకున్న ఆమ్లం, మంచు కరగగానే ఒక్కసారిగా వచ్చిపడేది ఆ వాగులోంచే. చేపపిల్లలుండేదీ అక్కడే. సరస్సులో నీళ్ళెన్నో లెక్క కట్టింది గాని, అవి ఎటునుంచి వస్తాయో చూడలేదు తను!

“ఏమండీ, మిగతా బస్తాలు వాగు దగ్గరికి.”

“అన్నీ దించాకా చెప్పడం?” అని గొణుగుతూనే దామోదర్ ఒకటి భుజానికెత్తుకున్నాడు.

మే నెలాఖరున వలబుట్ట పైకి లాగేటప్పుడు రాధారాణి కళ్ళు మూసుకుంది. చేతికి ముందు తెలిసింది, లోపల కదలిక. రెండుసార్లు లెక్కపెట్టింది.

“నాలుగు పోయాయి,” అంది దిగులుగా.

“పదహారున్నాయి కదే పిచ్చిపిల్లా!” అంది సిగ్నే. ఆ వెంటనే ఇంటివైపు నడుస్తూ దామోదర్‌ను కేకేసింది, అటక మీది తెడ్లు దించిపెట్టమని.