ఎలక కొరికిన అంకె

"ఫ్రాంక్‌కి చెప్పావా చెల్లెమ్మా?"

"చెప్పానన్నయ్యగారూ."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

కోటేశ్వరరావుగారికీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆస్పత్రి మంచం మీద ఆయన, పక్కన కుర్చీలో నేను. నా జవాబు విని ఆయన కళ్లు మూసుకున్నారు. మర్నాటికి లేరు. నేను చెప్పింది అబద్ధం. ఫ్రాంక్‌కి నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఈ రోజు పదకొండింటికి ఆ ఫ్రాంకే తన కారు తీసుకుపోవడానికి ఈ షెడ్డుకి వస్తున్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర. అందుకే మా చెల్లెలి కూతురు స్రవంతి చేత ఆఫీసుకి సెలవు పెట్టించి, కారు పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టాను. నేను చెబుతుంటే అది రాస్తుంది, తరవాత ఇంగ్లీషులో పెట్టి ఫ్రాంక్‌కి వినిపిస్తుంది. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం సంతకం వరకే. ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమీ రావు. జాకెట్లు కుట్టేదానికి అంకెలు రాకపోతే పని జరగదు కదా.

పొద్దున షెడ్డు తలుపు ఎత్తగానే అదే వాసన కొట్టింది. పాత రెగ్జిను, గోనెగుడ్డ, జిగురు, వాటి అడుగున సన్నగా ఎలకల కంపు. అన్నయ్యగారు పోయి మూడు వారాలైంది, ఆయన టీ కప్పు కడిగేసినా ఈ వాసన మాత్రం పోలేదు.  

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. కోటేశ్వరరావుగారు కుర్రతనంలో ఈ దేశం వచ్చి డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్లు పనిచేశారు. కారు తయారై బయటికి పోయేముందు ఒక్కో బోల్టూ బిగిసిందో లేదో చూసి, రంగు సుద్దతో గీత పెట్టడం ఆయన పని. రిటైరయ్యాక ఈ నేపర్‌విల్ ఊరి పొలిమేరలో ఈ షెడ్డు తీసుకుని, ఆ కాలపు కార్లనే బాగుచేస్తూ వచ్చారు. వాటిని ఇక్కడ మజిల్ కార్లంటారు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కులో ఎద్దంత ఇంజను. తాళం తిప్పితే గుండెల్లో మోగుతుంది. మా ఆయన ఇక్కడి గుళ్లో వంటలు చేసేవాడు. ఆయన పోయాక నేను ఇంట్లో కూర్చుని తెలుగు ఆడవాళ్లకి జాకెట్లు కుట్టుకుంటున్నాను. ఒకసారి భార్య జాకెట్టు తీసుకెళ్లడానికి వచ్చిన కోటేశ్వరరావుగారు, మెడకి వేసిన పైపింగ్‌ని వేలితో తడిమి చూస్తూ నిలబడిపోయారు.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"నేనేనండి."

"కారు సీటుకి కుడతావా?"

"కారుకి ఛాతీ ఎక్కడ కొలవాలండీ?" అన్నాను.

ఆయన నవ్విన నవ్వుకి పక్క అపార్టుమెంటువాళ్లు తలుపు తీసి చూశారు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

నేను కుట్టిన మొదటి సీటు నాకింకా కళ్లకి కట్టినట్టే ఉంది. పాత తొడుగు విప్పి, అదే కొలతకి కొత్తది కోసి, మిషను మీద కుట్టి చూపించాను. పాతదాంట్లో కుడివైపు కుట్టు జానెడు పొడవున పక్కకి జరిగి ఉంది. నేను దాన్ని దారం పట్టి గీసినట్టు తిన్నగా కుట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. బ్లేడు తీసుకుని నా కుట్టు మొత్తం విప్పేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అంత చండాలంగా ఉందా అన్నయ్యగారూ?"

"బాగుంది. అదే గొడవ. పాతదాంట్లో ఎట్లా జరిగిందో అట్లాగే జరిపి కుట్టు."

"తప్పు కుట్టమంటారా?"

"ఆ తప్పు నీది కాదమ్మా. ఆ రోజు ఆ మిషను మీద కూర్చున్న మనిషిది. చెయ్యి నొప్పెట్టిందో, భోజనం గంట కొట్టిందో. అది కూడా ఈ కారులో భాగమే. నువ్వు సరిచేస్తే అది మన కారు అవుతుంది, వాళ్లది కాదు."

ముప్ఫై ఏళ్లు తిన్నగా కుట్టిన చేతికి వంకరగా కుట్టడం నేర్పడానికి నెల పట్టింది. అలాగే రంగు కారిన చోట కారినట్టే వదిలేసేవారు. తలుపు లోపలివైపు ఎవడో ఫ్యాక్టరీవాడు సుద్దతో గీసిన గీతని నేను ఒకసారి గుడ్డతో తుడవబోతే, చెయ్యి పట్టుకుని ఆపారు. ఎదుటివాడి చెయ్యి కనపడాలి, మన చెయ్యి కనపడకూడదు అనేవారు. ఆ మాట నాకు అప్పుడు చాదస్తంగా ఉండేది.

ఇప్పుడు ఫ్రాంక్ కారు సంగతి. ఫ్రాంక్ డెబ్బైకి దగ్గర పడిన మనిషి. వాళ్లన్న డానీ కొత్తగా ఈ రకం కారు కొనుక్కుని, ఆరునెలలు తిప్పి, వియత్నాం యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్లు ఆ కారు చూడలేక అమ్మేశారు. ఇన్నేళ్లకి ఇండియానాలో ఒకతను, ఇది మీ అన్నదే అని చెప్పి ఫ్రాంక్‌కి ఇచ్చాడు. కానీ మధ్యలో ఎప్పుడో ప్రమాదం జరిగింది. ఫ్యాక్టరీవాళ్లు ఒక్కో కారుకి వేరుగా కొట్టే నంబరు పలక ముందు అద్దం కింద ఉంటుంది, ఆ భాగం వేరే కారుది తెచ్చి అతికించారు. ఇంజను మార్చేశారు. కాబట్టి ఇది డానీదో కాదో చెప్పే గుర్తు కారు మీద ఒక్కటీ లేదు. డానీ పాత ఇన్సూరెన్సు కార్డు మాత్రం ఫ్రాంక్ దగ్గరుంది, దాని మీద ఆ ఫ్యాక్టరీ నంబరు ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని జేబులో తిరుగుతాడు.

మొదటిరోజు ఫ్రాంక్ కారులో కూర్చుని పెడల్ రెండుసార్లు తొక్కి, ఆగి, తాళం తిప్పాడు. చల్లగా ఉన్నప్పుడు అలా తొక్కకపోతే ఈ ఇంజను లేవదు. ముందు దీపాలకి ఇందులో రెప్పలుంటాయి, ఇంజను గాలి పీలిస్తే అవి తెరుచుకుంటాయి. కుడి రెప్ప టక్కున లేచింది, ఎడమది బద్ధకంగా తరవాత లేచింది. ఫ్రాంక్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. డానీ కారుకీ ఇలాగే ఉండేదట. కోటేశ్వరరావుగారు నాకు మాత్రమే తెలిసేలా తెలుగులో అన్నారు, "ఈ జబ్బు ఈ మోడల్‌కి చాలావాటికి ఉంది చెల్లెమ్మా. ఎడమవైపు గాలి గొట్టం పొడుగు. దీన్ని పట్టుకుని నీదేనని ఆ మనిషికి ఎట్లా చెప్పను?"

ఆయన ఆశంతా సీటు మీద ఉంది. ఫ్యాక్టరీలో ఒక్కో కారుకి పై వరుసలో దాని నంబరు, కింద ఏ ఇంజను, ఏ రంగు అని అచ్చేసిన కాగితం ఒకటి వచ్చేదట. పని అయ్యాక దాన్ని ఎక్కడ పడెయ్యాలో తెలియక సీటు స్ప్రింగుల్లో దోపేసేవాళ్లట. శనివారం నువ్వొచ్చాక నీ ఎదుటే సీటు విప్పుతాను అని ఫ్రాంక్‌తో ఇంగ్లీషులో అన్నారు. ఆ మాట నాకు అర్థం కాలేదు, కాగితం సంగతీ అప్పటికి తెలియదు. నేను అడగలేదు. అదీ నా తప్పే.

గురువారం ఆయన రక్తపరీక్షకి వెళ్లారు. పని ముందుకు జరుపుదామని, స్ప్రింగులు శుభ్రం చేసి ఉంచితే సంతోషిస్తారని, నేనే వెనకసీటు విప్పేశాను. లోపల ఎలకల గూడు. అందులో పసుపురంగు కాగితం, అప్పడంలా పెళుసుగా ఉంది. దాని నిండా అక్షరాలు, అంకెలు. అంకెలు కనిపిస్తే నా కళ్లు ఆగుతాయి కాబట్టి చూశాను. పై వరుస చివర ముప్ఫైనాలుగు, ఇరవైతొమ్మిది, ఆ తరవాత ఒకటి. నవ్వుకున్నాను. ఛాతీ ముప్ఫైనాలుగు, నడుం ఇరవైతొమ్మిది, నా పెళ్లి జాకెట్టు కొలతలు. ఇప్పుడా జాకెట్టులో నా చెయ్యి ఒక్కటే పడుతుంది. ఒకటి పక్కన ఇంకో అంకె ఉంది, దాని పైసగం ఎలక కొరికేసింది. మిగిలిన కిందిసగం గుండ్రంగా ఉంది. తరవాత గూడుతోపాటు ఆ కాగితాన్నీ చెత్త సంచిలో వేసి మూతి కట్టేశాను. శుక్రవారం పొద్దున్నే చెత్త బండి వచ్చి తీసుకుపోయింది.

శనివారం ఫ్రాంక్ కార్డు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కోటేశ్వరరావుగారు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశారు. స్ప్రింగులు శుభ్రంగా మెరుస్తున్నాయి. వాటి వెనక గోనెగుడ్డ అంతా నల్లగా మాసి ఉంది, ఒక్కచోట మాత్రం కాగితమంత తెల్లటి చదరం. ఆయన టార్చి ఆ చదరం మీద ఆగింది. అప్పుడు తెలిసింది నాకు, నేను ఏం పారేశానో. ఆయన తల తిప్పి నన్ను చూశారు. ఫ్రాంక్‌తో ఇంగ్లీషులో ఏదో అన్నారు. కాగితం ఇందులో లేదు, ఒక వారం ఆగు అన్నారని తరవాత తెలిసింది. ఫ్రాంక్ కార్డు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

టీ పెట్టి ఇచ్చాను.  ఆయన అడక్కముందే అంతా చెప్పేశాను. చెప్పి, ఏడుస్తూ ఇంకో మాట కూడా అన్నాను.

"అలాంటి కాగితాలు కొత్తగా అచ్చేసిస్తారటగా అన్నయ్యగారూ. టీ నీళ్లలో ముంచితే పాతదానిలాగే ఉంటుంది. ఒకటి చేయించి ఆయనకి ఇచ్చేద్దాం. ముసలాయన ప్రాణం కుదుటపడుతుంది."

"అన్న చచ్చిపోయిన మనిషికి టీ నీళ్ల కాగితం ఇద్దామా?" ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాకు కొన్ని అంకెలు గుర్తున్నాయండీ."

నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నాకు చెప్పకు. ఆ కార్డు మీద నంబరు నాకు తెలుసు. నువ్వు చెప్పావంటే నా మొహం చూసి నీకు తెలిసిపోతుంది. ఆ తరవాత నీకు గుర్తున్నది ఏదో, నా మొహంలో చూసింది ఏదో నీకే తేడా తెలియదు. ఫ్రాంక్‌కి చెప్పు. కార్డు చూడకముందే చెప్పు. ఇంగ్లీషు రాదంటావేమో, నేను పక్కన ఉంటాను."

ఆ వారంలో ఫ్రాంక్ రెండుసార్లు వచ్చాడు. ఒకసారి తలనొప్పని వెళ్లిపోయాను. రెండోసారి బాత్రూములో కూర్చుని ఆయన ట్రక్కు వెళ్లిన చప్పుడు వినపడేదాకా బయటికి రాలేదు. కోటేశ్వరరావుగారు రోజూ నా మొహం చూసేవారు. తరవాత ఆయనకి గుండె ఆగినంత పనై ఆస్పత్రిలో పడ్డారు. ఆ మంచం దగ్గర నేను చెప్పానని ఎందుకన్నాను? ఆయన మనశ్శాంతి కోసమని మూడు వారాలుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది కాదు. భయం. ఏమన్నాడని ఆయన అడిగినప్పుడు ఏమీ అనలేదన్నాను చూడండి, అక్కడే దొరికిపోయి ఉంటాను. అంత మాట చెబితే ఫ్రాంక్ ఏమీ అనకుండా ఉంటాడా? ఆయన పాతికేళ్లు బోల్టులు తట్టి చూసిన మనిషి, వదులుగా ఉన్నది చప్పుడులోనే తెలుస్తుంది ఆయనకి.

ఫ్రాంక్ మొన్న అన్నయ్యగారి భార్యకి ఫోను చేశాడట. ఇది డానీ కారు కాదని తేల్చుకున్నాడట, ట్రెయిలరు తెచ్చి తీసుకుపోయి ఎవరికైనా ఇచ్చేస్తాడట. ఈ మధ్యాహ్నం దాటితే ఆ కారు ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు.

ఇందాక స్రవంతి రాయడం ఆపి అంది, "పెద్దమ్మా, అసలు ప్రూఫ్ లేదు కదా. ఆయన నిన్ను బ్లేమ్ చేస్తే? ఒక పని చేద్దాం, ముందు క్యాజువల్‌గా ఆ కార్డు చూద్దాం. మ్యాచ్ అయితే అప్పుడు చెప్పు. లాస్ట్ డిజిట్ కూడా దాన్ని బట్టి ఫిక్స్ చేసెయ్యొచ్చు. కాకపోతే వదిలెయ్, పాపం ఆయన్ని మళ్లీ హర్ట్ చెయ్యడం ఎందుకు?"

దీనికి నా మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు. నేను టీ నీళ్ల మాట అన్నప్పుడు నాకూ ఫ్రాంక్ మీద ప్రేమే. కుట్టు పక్కకి జరిగితే తిన్నగా లాగెయ్యాలనిపించే చెయ్యి మా వంశంలోనే ఉన్నట్టుంది. వద్దే తల్లీ. ఫ్రాంక్ కార్డు జేబులో ఉండగానే నా అంకెలు ఆయన చెవిన పడాలి. సరిపోతే సరిపోతాయి. సరిపోకపోతే, ఇది డానీ కారు కాదని ఆయనకి నిజంగా తెలుస్తుంది, నన్ను ఏమన్నా పడతాను. ముప్ఫైనాలుగు, ఇరవైతొమ్మిది, ఒకటి. ఇవి నేను చూశాను. ఆఖరిది మూడు కావచ్చు, అయిదు కావచ్చు, ఆరు, ఎనిమిది, సున్నా ఏదైనా కావచ్చు. పైసగం ఎలక కొరికింది, నేను చూడలేదు. అలాగే రాయి. అన్నయ్యగారితో అబద్ధం చెప్పాననీ, బాత్రూములో దాక్కున్నాననీ కూడా తీసెయ్యకు.

కంకర మీద చక్రాల చప్పుడు వినిపిస్తోంది. ఇంకా పదకొండు కాలేదు, తొందరగా వచ్చేశాడు. తలుపు నేను తీస్తాలే, నువ్వు ముందు నాకు తెలుగులో మొదటినుంచీ ఒకసారి చదివి వినిపించు స్రవంతీ. గబగబా చదువు, పరవాలేదు. ఆ ఆఖరి అంకె దగ్గరికి వచ్చాక మాత్రం నిదానంగా చదువు, అక్కడ నువ్వేం పెట్టావో నేను వినాలి.