సూదులత్త అడుగుపెట్టని గది

మేనకోడలు పెట్టిన పేరే ఆవిడకి స్థిరపడిపోయింది: సూదులత్త. ఇంజక్షన్లిచ్చే నర్సేమో అనుకుని కొత్తగా దిగిన పక్కింటాయన ఓసారి చొక్కా చెయ్యి పైకి మడుచుకుని మరీ వచ్చాడు.

ఆవిడ రసాయన శాస్త్రవేత్త. మూర్ఛకి మందు చేసేది. కాచిన ద్రావణం గాజు కుప్పెలో చల్లారుతుండగా కడ్డీతో లోపలివైపు గీకితే, మందు సన్నటి సూదుల్లా పేరుకునేది. ఆ సూదులు కడుపులో ఇట్టే కరుగుతాయి. ఎప్పుడు గీకాలో చెయ్యికే తెలియాలి. ఆ చెయ్యి తిరిగేసరికి ఆవిడ జుట్టు నెరిసింది. పెళ్ళి మాటెత్తినవాళ్ళతో, కుప్పె చల్లారాక చూద్దాం అనేది. తల్లిలేని మేనకోడల్ని పెంచి, ఆ పనే నేర్పింది.

ఒక ఏడాది సూదులు రావడం మానేశాయి. ఎన్నిసార్లు కాచినా ఇసకలాంటి రవ్వలే. మందు అదే, కాని కరగదు. బిళ్ళలు వేసుకుంటున్న పిల్లలకి మూర్ఛలు తిరగబెట్టాయి. అసలు సూదులనేవి ఎప్పుడైనా వచ్చాయా అని కంపెనీలో పైవాళ్ళు అడిగారు. ఆవిడ వాదనకి దిగలేదు. సామాను మార్చి, గది కడిగించి, చివరికి తేల్చుకుంది: కంటికి కనపడని ఒక్క రవ్వ పడితే చాలు, కుప్పెంతా రవ్వలైపోతుంది. ఆ ధూళి తన కోటులో, జుట్టులో, ఇంట్లో ఉంది.

ఊరవతల కొత్త గది కట్టారు. ఆవిడ అందులో అడుగుపెట్టలేదు. మేనకోడలు పాత బట్టలన్నీ వదిలేసి, ఇల్లు మారి, అక్కడ పని మొదలుపెట్టింది. సూదులు వచ్చాయి. అప్పట్నుంచీ అత్తకీ మేనకోడలికీ ఫోనే దిక్కు.

కొన్నాళ్ళకి సూదులత్త ఊపిరితిత్తులు చెడి మంచాన పడింది. మేనకోడలు చెప్పకుండా వచ్చి తలుపు కొట్టింది.

"తియ్యత్తా."

"తీస్తే మళ్ళీ ఆ గదిలోకి ఎలా వెళ్తావే?"

"స్నానం చేసి వెళ్తా. మొదటిసారి ఈ ఇంట్లోంచే వెళ్ళలేదా?"

"అప్పుడేదో గట్టెక్కాం. పిల్లల మందు మీద రెండోసారి పందెం కాయను. నీ పని ఇంకెవరికైనా వచ్చా?"

మేనకోడలు తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

"ముందు నేర్పు. అప్పుడు రా."

మేనకోడలు వెనక్కి వెళ్ళి, పని నేర్పడానికి ఒకమ్మాయిని పక్కన నిలబెట్టుకుంది. చెప్తే వచ్చే పని కాదది, నెలలు పట్టింది. ఆ అమ్మాయి కుప్పెలో మొదటిసారి సూదులు లేచిన రోజునే మేనకోడలు బయల్దేరింది.

సూదులత్త ఆ తెల్లవారుజామునే పోయింది.

మేనకోడలు లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. ఊరవతల గదికి ఇక తిరిగి వెళ్ళలేదు.