ఉడతలు వచ్చే సింహద్వారం

జెర్సీ సిటీలో మా అక్కావాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్లాను. బావ అప్పుడు సొంతిల్లు కొనే హడావిడిలో ఉన్నాడు. ఒక ఆదివారం నన్నూ ఇల్లు చూడ్డానికి తీసుకెళ్లాడు. వీధిలో కారు ఆపి, ఫోన్‌లో దిక్కులు చూసి నీరుగారిపోయాడు.

"వెస్ట్ ఫేసింగ్ బామ్మర్దీ. వాస్తు లేదు, పద."

పక్కింటి దగ్గర బట్టలు ఆరేస్తున్న మార్గరెట్ అనే పెద్దావిడ 'వెస్ట్ ఫేసింగ్' అన్న మాట విని నవ్వింది. "వీధిలోకి ఉన్నది వంటింటి తలుపు. ఈ ఇళ్లకి వీధివైపు వీపు, తోటవైపు ముఖం. నేను పెరిగింది ఇంగ్లండులో ఒక గార్డెన్ సిటీలో, తోటల మధ్య కట్టిన ఊరది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడా ఇలాంటివి కట్టారు."

చుట్టూ తిరిగి వెళ్లాం. నిజమే! తోటలోకి తెరుచుకునే ఎర్రటి సింహద్వారం, సరిగ్గా తూర్పుకి. బావ ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే ఆఫర్ పెట్టేద్దామన్నాడు.

"ఈ తలుపు దగ్గరికి ఉడతలు తప్ప ఎవరూ రారు," అంది మా వెనకే వచ్చిన మార్గరెట్.

"ఎవరూ రాకపోయినా పర్లేదండీ. మా లక్ష్మీదేవి తూర్పు గుమ్మంలోంచే వస్తుంది," అన్నాడు బావ తన ఆఫీసు ఇంగ్లీషులో.

లక్ష్మీదేవి మా చుట్టమనుకున్నట్టుంది. మార్గరెట్ జాలిగా అడిగింది.

"కారులో వస్తుందా? అయితే వంటింట్లోంచే వస్తుంది."