బారెల్ వచ్చాక చెబుదామనుకున్నాను

మంగళవారం పొద్దున ల్యాబులో కోటు తొడుక్కుంటుంటే ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. మన సంఘం వాట్సాప్ గ్రూపు. ‘తుపాకీ అంకుల్ ఇక లేరు’ అని ఎవరో పెట్టారు. వెంటనే దండాలు, దీపాలు, ఓం శాంతులు. ‘వెన్నలాంటి మనసు’ అని ఒకాయన రాశాడు. ‘ఎవరినీ నొప్పించి ఎరుగరు’ అని ఒకావిడ రాసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొన్నటి ఉగాదికి ఇదే ఆవిడను, “నువ్వు పాడినంతసేపూ మైకు మీద జాలేసిందమ్మా” అని అందరి ముందూ ఏడిపించి పంపించారు ఆ అంకులే.

అంకుల్ మంచి మనిషి కాదు. ముందు ఆ మాట రాయాలి. ఆయన నేర్పిన దానికి బతికున్నన్నాళ్ళూ కృతజ్ఞురాలిని, ఆ మాటా రాయాలి. మూడోది నా గురించి. అది రాయడానికే ఇంతసేపు కూర్చున్నాను.

ఆయనది గుంటూరు. ఇక్కడ ఎడ్మంటన్‌లో ఆయిల్ కంపెనీలకు ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. మా వీధిలో మా ఇంటి నుంచి మూడో ఇల్లు. పిల్లలు లేరు, ఆయనా ఆంటీ అంతే. వేటంటే ఆయనకు అసహ్యం. గన్ క్లబ్బు రేంజ్‌లో బోర్లా పడుకుని, ఎక్కడో దూరాన కాగితం మీద రూపాయి బిళ్ళంత చుక్కని కొట్టడం ఒక్కటే ఆయన సరదా. ఒక వేసవిలో నన్నూ మా ఆయన్నీ తీసుకెళ్ళారు. మా ఆయన చెవులు మూసుకుని వెళ్ళి కార్లో కూర్చున్నాడు. నేను పది కొడితే తొమ్మిది కాగితానికి తగిలాయి. “పదోది ఎవడి నెత్తిన పడింది?” అన్నారు అంకుల్. ఆయన మెచ్చుకోవడం అంటే అదేనని తర్వాత తెలిసింది.

నాకూ ఒక రైఫిల్ కావాలనిపించింది. రెడీమేడ్‌ది కాదు, భాగాలు ఒక్కొక్కటీ కొని మనమే బిగించుకునేది. కోర్సు చేశాను, పరీక్ష పాసయ్యాను. లైసెన్సు అప్లికేషన్ మీద ‘ఈమె నమ్మదగిన మనిషి’ అని నాకు పూచీగా సంతకం పెట్టింది అంకులే.

మొదటి పాఠం వాళ్ళ బేస్‌మెంట్‌లో. ఇనప బీరువా తాళం తీసి, తన రైఫిల్ నా చేతుల్లో పెట్టి “ఖాళీదే” అన్నారు. పెద్దాయన, చెప్పారు కదా. ప్రసాదం అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాను. “ఇప్పుడు బోల్ట్ లాగు” అన్నారు. రైఫిల్ పక్కనున్న ఆ పిడి లాగితే లోపలి నుంచి నారింజరంగు ప్లాస్టిక్ తూటా ఒకటి నేల మీద పడింది. పేలనిదే, పాఠం కోసం పెట్టిన డమ్మీ. అయినా నా మొహం మాడిపోయింది.

“ఎందుకు తెరిచి చూళ్ళేదు?”

“మీరు చెప్పారు కదా అంకుల్...”

“నేనెవర్ని, దేవుణ్ణా? పెద్దవాళ్ళు ఇచ్చింది వాళ్ళ ముందే తెరిచి చూస్తే బాగోదని మీ అమ్మ నేర్పిందా? ఆవిడ పెంపకానికి చచ్చేది నువ్వు కాదే, ఎదురుగా ఉన్నవాడు! మన తెలుగోళ్ళ చేతికి గన్ను ఇవ్వకూడదు. మొహమాటంతో చంపేస్తారు.”

మా అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఇంటికొచ్చి ఏడ్చాను. మళ్ళీ శనివారం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, అంత బాగా ఇంకెవరూ నేర్పలేరు కాబట్టి. అప్పటి నుంచి ఎవరు రైఫిల్ ఇచ్చినా ముందు తెరిచి చూడటం నాకు ఊపిరి పీల్చడంలా అలవాటైంది. ఒక్కసారి మర్చిపోతే, ఆంటీని కిందకి పిలిచి కూర్చోబెట్టి, ఆవిడ ముందు నా చేత యాభైసార్లు బోల్ట్ లాగించారు.

“పోనీలెండి, చిన్నపిల్ల” అన్నారు ఆంటీ.

“నీకు తెలీని విషయాల్లో నోరు మూసుకోవడం పెళ్ళైనప్పట్నుంచీ నేర్పుతున్నాను. ఇంకా రాలేదు” అన్నారాయన. ఆంటీ కొంగు సర్దుకుని పైకి వెళ్ళిపోయారు.

భాగాలు కొనడానికి ఆయన ఒక వరస పెట్టారు. ముందు తాళం ఉన్న పెట్టె. తర్వాత రిసీవర్, అంటే బోల్ట్ కదిలే నడిమి భాగం. చట్టం దృష్టిలో అదొక్కటే తుపాకీ, మిగతాదంతా ఇనప సామాను అనేవారు. దాని చుట్టూ మిగతావి: రైఫిల్ మొత్తాన్ని మోసే అల్యూమినియం చట్రం, దాన్ని ఛాసిస్ అంటారు, తర్వాత ట్రిగ్గర్, చివర బారెల్, అంటే గొట్టం. “ఒక్కోటీ కొను, నెల రోజులు దాన్ని చదువు, తర్వాత రెండోది” అనేవారు. నేనాగానా? రిసీవర్ ఇంకా రాకముందే ఆన్‌లైన్‌లో కంచురంగు ఛాసిస్ ఒకటి చూసి మనసు పారేసుకుని తెప్పించేశాను. తీరా చూస్తే అది పొడుగు రిసీవర్‌కి చేసింది. నాది పొట్టిది.

“రంగు చూసి కొన్నావా? చీరనుకున్నావా?” అన్నారు. దాన్ని తన బేస్‌మెంట్ గోడకి వేలాడదీసి, కింద చక్కటి తెలుగు దస్తూరీతో ‘అందంగా ఉందని కొన్నది’ అని కాగితం అంటించారు. వచ్చిన ప్రతివాడికీ చూపించారు. రెండో ఛాసిస్ కొనేటప్పుడు నేను కొలతలు నాలుగుసార్లు చూసుకున్నాను. ఆ జాగ్రత్త ఇప్పుడు ల్యాబులో నా పనికీ వచ్చింది. అందుకూ ఆయనకే దండం పెట్టాలి.

ఇంక ట్రిగ్గర్, బారెల్ మిగిలాయి.

మంచు కరుగుతున్న రోజులు. శనివారం పదకొండింటికి వెళ్ళాను. కొనబోయే ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా ఉండాలో తన రైఫిల్ మీద నొక్కి చూడమని బీరువా తీసి ఇచ్చారు. “ఖాళీదే. పైకి పెట్టి నొక్కు” అన్నారు. ఎప్పుడూ గొట్టాన్ని మూలనున్న ఇసకపెట్టె వైపు పెట్టమనే మనిషి, ఆ రోజు పైకి అన్నారు. పైన వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, ఆంటీ కొబ్బరి పచ్చడి చేస్తున్నారు. అలవాటుగా బోల్ట్ లాగాను. తూటా వచ్చి నా అరచేతిలో పడింది. నారింజరంగుది కాదు. ఇత్తడిది, బరువుగా, చల్లగా.

అంకుల్ మొహం చూశాను. ఒక్క క్షణం, అంతే, ఆయన దానివైపు తప్పిపోయిన పిల్లాడిలా చూశారు. వెంటనే తేరుకున్నారు. “టెస్ట్ చేశా. పాసయ్యావు, పో.”

“అంకుల్, ఇది నిజందే.”

“నాకు తెలీదా? రంగు చూసి కొనేదానివి, నువ్వు నాకు చెప్పొచ్చావా?”

డాక్టరుకి ఒకసారి చూపించుకోమని బతిమాలాను. అప్పటికే రెండుసార్లు స్టవ్ ఆర్పడం మర్చిపోయారని ఆంటీ చెప్పి ఉన్నారు. ఆయన నన్ను గెట్ అవుట్ అన్నారు. పైకి వస్తే ఆంటీ పచ్చడి రుచి చూడమని చెంచా అందించారు. ఆవిడ నిలబడిన చోటు, నేను గొట్టం ఎత్తబోయిన చోటు, రెండిటికీ మధ్య ఉన్నది ఒక చెక్క నేల. ఆ రోజు ఆంటీ బతికిపోయారంటే అది నా తెలివి కాదు. అంకుల్ తిట్ల పుణ్యం.

సోమవారం లంచ్ టైములో కార్లో కూర్చుని లైసెన్సు ఆఫీసుకి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. నా పేరు బయట పెట్టబోమన్నారు.

అదే వారం ఇద్దరు పోలీసులు వచ్చి, ఎవరో ఫోన్ చేశారని మర్యాదగానే చెప్పి, బీరువా ఖాళీ చేసి తీసుకెళ్ళారు. తర్వాత జ్ఞాపకశక్తి పరీక్షలో డాక్టరు గడియారం బొమ్మ గీయమంటే అంకుల్ ముళ్ళు రెండూ గడియారం బయట గీశారట. లైసెన్సు పోయింది.

ఆయన అనుమానం ఆంటీ మీద పడింది.

నేనన్న ఊహే ఆయనకు రాలేదు. “ఇదా? ఇదొక మొహమాటాల పుట్ట. దీనికంత దమ్మెక్కడిది?” అని నా ఎదురుగానే అన్నారు. ఆంటీకి తుపాకులంటే మొదటినుంచీ పడదు, ఇంట్లో ఉండేదీ ఆవిడే, కనుక ఆవిడే. మాట్లాడటం మానేశారు. ఆవిడ చేతి వంట మానేశారు. రోజూ తనే ఉప్మా చేసుకుని, మాడ్చుకుని తినేవారు. పడక బేస్‌మెంట్‌లోకి మార్చుకున్నారు, ఖాళీ బీరువా పక్కకి.

నన్ను గెట్ అవుట్ అన్న సంగతి ఆయన మర్చిపోయారు, నేను వెళ్తూనే ఉన్నాను. ఎందుకో చెబుతాను వినండి. నాకు ఇంకా రెండు భాగాలు కొనాలి. చెప్పేస్తే ఆయన గుమ్మం తొక్కనివ్వరు. అందుకని, ట్రిగ్గర్ కొన్నాక చెబుదామనుకున్నాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్లో బొమ్మలు చూపిస్తే, వేరే ఏది మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోని ఆ మనిషి, మంచిది ఏదో వేలు పెట్టి చూపించారు. ట్రిగ్గర్ వచ్చింది. బిగించాను. బాగా కుదిరింది. అప్పుడిక, బారెల్ వచ్చాక చెబుదామనుకున్నాను. బారెల్ స్టాకు లేక బ్యాక్ ఆర్డర్‌లో పడింది. వేసవి పోయింది, ఆకులు రాలాయి, మంచు పడింది. ప్రతి శనివారం కాఫీ తాగి వచ్చాను.

ఆ శనివారాల్లో ఒకటి. ఆంటీ కాఫీ తెచ్చి నా ముందు పెట్టారు. ఆయన ముందు పెట్టిన కప్పు ఆయన పక్కకి తోశారు.

“నలభై ఏళ్ళు పక్కలో బల్లేన్ని పెట్టుకుని పడుకున్నానే” అన్నారు నాతో, ఆవిడ వినేలా.

ఆంటీ అక్కడే నిలబడిపోయారు. “నేను చెయ్యలేదండీ. మీ మీద ఒట్టు.”

“నా మీద ఒట్టేస్తే పోయేది నేనేగా? నీకు కావాల్సిందీ అదేగా?”

ఆంటీ నావైపు చూశారు. ‘నువ్వైనా చెప్పమ్మా’ అన్నట్టు చూశారు. నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. “కాఫీ బావుంది ఆంటీ” అన్నాను. దేవుడా, ఆ మాటే అన్నాను.

బారెల్ వచ్చిన వారమే ఆయన గుండె నీరసించి హాస్పిటల్లో చేరారు. పెట్టె విప్పకుండానే పరిగెత్తాను. ఆంటీ చెంచాతో నీళ్ళు పట్టబోతే ఆయన పెదాలు బిగించి మొహం తిప్పుకున్నారు. రెండోసారి, మూడోసారి. నీళ్ళు మెడ మీదుగా దిండు మీదికి కారాయి. ఆంటీ చెంచా నా చేతికిచ్చి పక్కకి జరిగారు. నేను పడితే తాగారు. బుద్ధిగా, ఒక్కో చెంచా. “నువ్వొక్కదానివే నాకు” అన్నారు. ఆంటీ తువ్వాలు పట్టుకుని మంచం అవతల నిలబడి ఉన్నారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆయన అర్థం చేసుకోగలిగేవారే, ఆ మధ్యాహ్నం తెలివిగానే ఉన్నారు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని కష్టపెట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన మీద జాలితో కాదు. ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టం లేక. నాలుగు రోజులకి పోయారు. భార్యే తనకు ద్రోహం చేసిందని నమ్మి పోయారు.

మన సంఘం వేసే ఈ పత్రికని ఆంటీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేక ఇలా రాస్తున్నాను. ఆంటీ, ఫోన్ చేసింది నేను.

దహనం అయిన రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. జనం హాల్లో ఉన్నారు. ఆంటీ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, కుర్చీ లాగి కూర్చోబెట్టి, నా రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకున్నారు.

“ఆఖరికి ఆయన నీ చేతి నీళ్ళే తాగారమ్మా. నీ మేలు మర్చిపోలేను” అన్నారు. “ఆ ఫోన్ చేసిన వాళ్ళెవరో గానీ, వాళ్ళ చేతులు పడిపోను” అన్నారు.

“ఊరుకోండి ఆంటీ” అన్నాను.

“ఎంత చల్లగా ఉన్నాయే నీ చేతులు, గ్లవ్స్ వేసుకోలేదా?” అని, వాటిని తన అరచేతుల మధ్య పెట్టుకుని, వెచ్చబడేదాకా రుద్దుతూ కూర్చున్నారు.