ఆర్డెత్ అత్తయ్య తెచ్చిన సంబంధాలు

ఆర్డెత్ మాడ్సెన్‌కి ఉన్నది ఒకటే జబ్బు. పెళ్ళికాని మనిషి కంటబడితే ఆవిడ ప్రాణం ఊరుకోదు. ఆ మనిషి పేరు కనుక్కోవడానికి ఒక నిమిషం, ఈడూ జోడూ వెతకడానికి ఇంకో రెండు నిమిషాలు. నాలుగో నిమిషానికి పెళ్ళి భోజనంలో ఏమేం ఉండాలో చెబుతూ ఉంటుంది.

ఒకసారి పళ్ళ డాక్టరు ఆవిడ నోట్లో పరికరాలు పెట్టి ఉండగానే ఆయనకి సంబంధం చెప్పింది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మూడో నెలలో పెళ్ళైపోయింది. మా చర్చిలో మగవాళ్ళంతా బ్రదర్లే, ఆడవాళ్ళంతా సిస్టర్లే. బ్రదర్ ఓల్సెన్ అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో భోజనాలు జరుగుతుంటే, ఆర్డెత్ ఆయన భార్య పళ్ళెంలో బంగాళదుంపా జున్నూ వడ్డిస్తూ, "ఇప్పుడే కాదులే తల్లీ, ఏడాది ఆగుదాం" అంది. అంటూనే శవపేటిక మోసినవాళ్ళలో ఒకతన్ని ఎగాదిగా చూసింది. ఏడాది తిరిగేసరికి వాళ్ళిద్దరూ మా చర్చివాళ్ళు పెళ్ళిళ్ళు చేసే టెంపుల్ మెట్ల మీద నిలబడి ఫొటో దిగారు.

సాన్‌పీట్ లోయలో ఇలా ఇరవయ్యారు జంటలు. ఒక్కటీ చెడలేదు. డెబ్బైరెండేళ్ళొచ్చినా తను మాత్రం చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "వడ్డించేదాన్ని నేను. నా వంతొచ్చేసరికి గిన్నె ఖాళీ" అని నవ్వేసేది.

అంత పేరున్న ఆర్డెత్‌కి సొంత మేనల్లుడి దగ్గర మాత్రం చెయ్యి తిరగలేదు.

మేనల్లుడి పేరు ఓరిన్. ముప్పయ్యొక్క ఏళ్ళు. టర్కీ కోళ్ళ గుడ్లు పొదిగించే ఫారంలో పని. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపించేవాడు. తండ్రి వెర్ల్ ఆ చర్చి వార్డుకి బిషప్, అంటే పెద్ద. మా చర్చివాళ్ళలో ముప్పై దగ్గరపడ్డ బ్రహ్మచారి అంటే, నడిరోడ్డు మీద ఆగిపోయిన లారీ లాంటివాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆగి ఏమైందని అడుగుతారు.

అందుకని అత్తయ్య మూడేళ్ళలో పదకొండు సంబంధాలు తెచ్చింది. మొదటి అమ్మాయి ఇంటికొచ్చి జెల్లీ తిన్న తొమ్మిదో రోజున మత ప్రచారానికి ఫిన్లాండ్ వెళ్ళిపోయింది. రెండో అమ్మాయికి అప్పటికే నెవాడాలో కరెంటు స్తంభాలెక్కే కుర్రాడితో మాటలైపోయాయి. మూడో ఆవిడకి ఈక ముక్కు దగ్గరికొస్తే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు. అలాంటావిడని టర్కీ ఫారంవాడికి చూపించింది. ఏడో ఆవిడ యాభయ్యెనిమిదేళ్ళ రిటైరైన టీచరు. ఓరిన్‌కి మూడో క్లాసులో లెక్కలు చెప్పింది.

"అక్కా, నీకు చూపు మందగించిందా ఏంటి?" అన్నాడు వెర్ల్.

"మనసు ముఖ్యం రా. పాఠం బాగా చెప్పేది, నువ్వే మెచ్చుకున్నావ్!"

ఊరంతా పడి పడి నవ్వింది. "పాపం, ఓరిన్ తప్పేముంది? ఆర్డెత్ చేతిలో పడ్డాడు మరి" అనుకుంది.

నవ్వనివాడు ఓరిన్ ఒక్కడే. వాడికి మనిషున్నాడు. చర్చిలో ఆర్గాన్ వాయించే రోవన్ ఫార్. నాలుగేళ్ళుగా. పాట నడిపించేటప్పుడు ఓరిన్ వీపు జనానికి, ముఖం ఆర్గాన్ వైపు ఉండేది. వారానికి ఒక్క గంట, ఎవరూ తప్పుపట్టకుండా అతన్ని చూసుకోవడానికి దేవుడి ఇంట్లోనే వీలు దొరికింది. ఆ గంటకోసం ఓరిన్ దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేవాడు. మళ్ళీ ఆ చెప్పుకున్నందుకే క్షమించమని మోకాళ్ళ మీద పడేవాడు.

వాడు విశ్వాసం లేనివాడైతే ఇంత బాధ లేదు. వదిలేసి పోయేవాడు. వాడు నమ్మాడు. టెంపుల్లో ముడివేసిన కుటుంబం చావుతో విడిపోదని, అర్హులైనవాళ్ళంతా అవతల మళ్ళీ ఒక్కటవుతారని నమ్మాడు. రోవన్‌తో ఉంటే ఆ అర్హత పోతుందనీ నమ్మాడు. వాడి పందొమ్మిదో ఏట అమ్మ పోయింది. ఆఖరిసారి వాడి చెయ్యి పట్టుకుని, "త్వరపడకు, అవతల కలుద్దాం" అంది. ఒక పక్క అమ్మ, ఇంకో పక్క రోవన్. ఎటు తిరిగినా ఒకరికి వీపు చూపించాల్సిందే.

ఆ వసంతంలో రోవన్ తన సంగతి తానే బిషప్ దగ్గరికెళ్ళి చెప్పుకున్నాడు. అబద్ధపు చేతుల్తో కీర్తన వాయించలేనన్నాడు. తనకొకరున్నారని చెప్పాడు గాని పేరు మాత్రం చెప్పలేదు. మరుసటి ఆదివారం ఆర్గాన్ మీద గుడ్డ కప్పేశారు. పాటలు రికార్డులోంచి వచ్చాయి. ఓరిన్ ఆ రికార్డుకే చెయ్యి ఊపి పాట నడిపించాడు.

ఇంటికొచ్చాక తండ్రి వాడిని వంటింట్లో కూర్చోబెట్టాడు.

"ఆ ఒకరెవరో నీకేమైనా తెలుసా, ఓరిన్?"

"తెలీదు నాన్నా."

వెర్ల్ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మ మనందరికోసం ఎదురుచూస్తూ ఉంటుంది రా" అన్నాడు. అంతే. అరిచి తిట్టినా వాడికి అంత నొప్పి పుట్టేది కాదు.

రోవన్ సామాను సర్దుకుని వెళ్తూ చర్చి ముందు కారాపాడు. "ఒక్కసారైనా, ఎవరో ఒకరి ముందు నా పేరు చెబుతావా?" అని అడిగాడు. ఓరిన్ ఎవరైనా వింటున్నారేమోనని చర్చి తలుపులకేసి చూశాడు. "సరే" అని రోవన్ అద్దం పైకెత్తాడు. నెల తర్వాత ఇడాహో రాష్ట్రంలోని బాయిసీ నుంచి ఒక కార్డొచ్చింది. లూథరన్ అనే వేరే శాఖవాళ్ళ చర్చిలో వాయిస్తున్నానని, చిరునామా, అంతే.

ఆ తర్వాత ఓరిన్‌కి తిండి లేదు, నిద్ర లేదు. గుడ్ల ట్రేలు తిప్పడానికి లేచేవాడు గాని, తను లేవడం ఎందుకో వాడికే తెలిసేది కాదు. ఒక ట్రేని వారమంతా తిప్పడం మర్చిపోయాడు. ఎనభై నాలుగు పిల్లలు గుడ్డులోనే పోయాయి. వాటి ముందు కూర్చుని ఏడుస్తుండగా అత్తయ్య పన్నెండో సంబంధం పట్టుకొచ్చింది.

"చూడరా, బ్రిజెట్ అని. బంగారం లాంటి పిల్ల. తొమ్మిది కుక్కల్ని పెంచుతోంది. అన్నీ మంచం మీదే పడుకుంటాయట..."

"అత్తయ్యా, చాలు! ఎందుకు నన్నిలా చంపుతావ్? నాకు ఏ అమ్మాయీ వద్దు. ఎప్పటికీ వద్దు!"

గుడ్ల యంత్రాల హోరులో కూడా ఆ మాట గట్టిగానే వినిపించింది. ఆర్డెత్ తలుపు మూసొచ్చింది. ఖాళీ పెట్టె బోర్లించి కూర్చుంది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"మూడేళ్ళ కిందట కళ్ళద్దాలకని సాల్ట్ లేక్ వెళ్ళాను. సినిమా హాలు ముందు నీ బండి కనిపించింది. అమ్మాయితో వచ్చావేమోనని ఆశపడి నేనూ టికెట్ కొన్నాను. మీ వెనక మూడో వరసలో కూర్చున్నాను."

ఆ మధ్యాహ్నం ఆట ఓరిన్‌కి గుర్తుంది. తమలాగే ఈ విశ్వాసంలో పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళ ప్రేమకథ. ఒకడు చర్చిని వదులుకున్నాడు. రెండోవాడు వాణ్ణి వదులుకున్నాడు.

"సినిమా నాకు సగమే అర్థమైంది. పక్కవాడు మొక్కజొన్న పేలాలు కరకరా నములుతున్నాడు. మిమ్మల్ని మాత్రం బాగానే చూశాను. నువ్వు ఎక్కెక్కి ఏడుస్తుంటే రోవన్ తన టోపీ తీసిచ్చాడు, నువ్వు అందులో ముక్కు చీదావు, వాడు ఆ టోపీనే మళ్ళీ పెట్టుకున్నాడు. ఇరవయ్యారు పెళ్ళిళ్ళు చేశాను రా. అందులో ఒక్క మొగుడు కూడా అంత పని చెయ్యడు."

"మరి తెలిసి... ఈ సంబంధాలన్నీ..."

"కుదరనివే ఏరి తెచ్చాను. ఫిన్లాండ్ పిల్లకి పిలుపొచ్చిందని ముందే తెలుసు. దద్దుర్లావిడని వెతకడానికి రెండు కౌంటీలు తిరిగాను. నేను ఊరుకుంటే సిస్టర్ లార్సెన్ ఊరుకుంటుందా? దాని ముగ్గురు కూతుళ్ళూ చెప్పుకంటిన బబుల్ గమ్ముల్లాంటివాళ్ళు. జనం నన్ను చూసి నవ్వుతున్నంతకాలం నిన్నెవరూ ఏమీ అడగరనుకున్నాను. నీకు కాస్త వ్యవధి దొరుకుతుందనుకున్నాను. అది నిన్నింత తినేస్తుందనుకోలేదు. తప్పు నాదే."

ఓరిన్ అడిగాడు. "నేను వెళ్తే అమ్మ కనబడదా, అత్తయ్యా?"

ఆర్డెత్ పెట్టెని వాడి దగ్గరికి జరుపుకుంది.

"నాకు తెలీదు నాన్నా. ఆదివారం నేను మళ్ళీ అదే బెంచీలో కూర్చుంటాను, అవే పాటలు పాడతాను. నాకు వేరే దారి తెలీదు. కానీ మీ అమ్మ నాకు తెలుసు. నిన్ను ఆపిన గుమ్మం లోపల అది నిమిషం కూర్చోదు. కుర్చీ ఎత్తి పడేసి మరీ బయటికొస్తుంది."

ఆ ఆదివారం ఓరిన్ తండ్రి ముందు రోవన్ పేరు చెప్పాడు. పేరు పూర్తిగానే పలికాడు. వెర్ల్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఆ రోజు వంటింట్లో నాతో అబద్ధమాడావు."

"అవును నాన్నా."

"బిషప్‌గా ఏం చెయ్యాలో నాకు తెలుసు. తండ్రిగా ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు" అని లేచి గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

పాటల బృందం వేరేవాళ్ళ చేతికి పోయింది. ఆ తర్వాత ఓరిన్ పేరు కూడా చర్చి పుస్తకంలోంచి పోయింది. కూరగాయల కొట్లో తెలిసినవాళ్ళు టమాటాలకేసి చూస్తూ పక్కకి తప్పుకునేవారు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఆరు వారాలు మాటల్లేకుండా గడిపారు. ఓరిన్ బాయిసీకి బయల్దేరిన శనివారం పొద్దున వెర్ల్ బండి కింద దూరి ఏదో బిగిస్తూ కనిపించాడు. "దూరం పోయే బండి, ఆయిల్ మార్చాను" అన్నాడు, కొడుకు ముఖం చూడకుండానే. చేతులు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయాడు. ఆరు వారాల్లో అదొక్కటే మాట. ఓరిన్ దాన్ని ఇడాహో సరిహద్దు దాకా నెమరేసుకున్నాడు.

అత్తయ్య ముందు సీట్లో కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

బాయిసీలో రోవన్ ఇంటి ముందు బండాగింది. ఓరిన్ చేతులు స్టీరింగు వదల్లేదు.

"నేను దిగలేను. వద్దంటాడు. అనాలి కూడా."

"ఊరుకో" అని ఆర్డెత్ దిగింది. జుట్టు సవరించుకుంది. తలుపు కొట్టింది. రోవన్ తీశాడు, కాళ్ళకి మేజోళ్ళతోనే.

"సిస్టర్ మాడ్సెన్?"

"ఒక సంబంధం తెచ్చాను బాబూ. ముప్పయ్యొక్క ఏళ్ళు. పనిమంతుడు. పరమ పిరికివాడు, దాచను. అయినా వాళ్ళ నాన్న ముందు నీ పేరు చెప్పాడు. ప్రస్తుతం కార్లో కూర్చుని ఏడుస్తున్నాడు. చూస్తావా?"

రోవన్ ఆవిడ పక్కనుంచి దూసుకుపోయి, తడి గడ్డిలో మేజోళ్ళతోనే కారు దాకా పరుగెత్తాడు.

ఆర్డెత్ అటు చూడలేదు. వీధికి వీపు పెట్టి నిలబడి, పక్కింటి వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తూ ఇటే చూస్తున్న పెద్దమనిషిని గట్టిగా పలకరించింది.

"ఏమండీ, మీకు పెళ్ళైందా?"