రేడియో ఆగిన ఉదయం

ఆ వీధిలో ఆయన్ని అందరూ రేడియో అంటారు. సెలూన్ తలుపు తీసింది మొదలు మూసేదాకా ఆ నోటికి తాళం ఉండదు. కత్తెర చేతిలో ఆడుతుంటే మాట నోట్లో ఆడుతూ ఉంటుంది. ఒకటి ఆగితే రెండోదీ ఆగిపోతుందేమోనని భయం కాబోలు. ఎదురు చెప్పేవాళ్లా, ఉండరు. బుగ్గల నిండా నురగ, గొంతు మీద కత్తి పెట్టుకుని ఎవడు మాత్రం వాదనకి దిగుతాడు?

అలాంటి మనిషికి లేక లేక కూతురు పుట్టింది. టీకా వేయించడానికి మొగుడూ పెళ్లాం వెళ్లినప్పుడు నర్సమ్మ ఒక మాట చెప్పింది. ఈ నెలల్లో పిల్లకి గిలక్కాయల కంటే మాటలే బలమట, ఎత్తుకున్నప్పుడల్లా కబుర్లు చెబుతూ ఉండాలట. రేడియో ఛాతీ రెండింతలైంది. చేపపిల్లకి ఈత నేర్పాలా? ఆ ఒక్క విషయంలో తన కూతురికి ఏ లోటూ రాదని నర్సమ్మకి మాటిచ్చాడు. ఆ మాట గురించి ఇంకో పావుగంట మాట్లాడి, వెనక వరసలో ఉన్న తల్లులందరి చేతా చీవాట్లు తిన్నాడు. పక్కన ఉన్న భార్యకి తల కొట్టేసినట్టయింది.

ఇచ్చిన మాట మాత్రం తప్పలేదు. పొద్దున్నే పిల్లని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ ఊరి సంగతులన్నీ చెప్పేవాడు. ఎవరికి నడినెత్తి పలచబడుతోందో, ఎవరు జుట్టుకి రంగు వేయించుకుని వేయించుకోలేదని బుకాయిస్తున్నారో, అన్నీ. కాసేపటికి పిల్ల గుక్కపట్టేది. వాళ్లమ్మ చేతుల్లోకి రాగానే ఠక్కున ఆపేసేది. అమ్మమ్మని చూసి బోసినవ్వు నవ్వేది. ఆఖరికి నీళ్ల క్యాను మోసుకొచ్చే మనిషిని చూసి కూడా నవ్వింది. కన్నతండ్రికి మాత్రం ఆ నవ్వు దక్కలేదు.

అది ముచ్చట కొద్దీ వచ్చిన బాధే అయితే పోనీలే అనుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఆయన భార్య బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగి. సెలవు ఈ వారంతో సరి. అవతల ఊళ్లో ఆమె తండ్రి కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు కాబట్టి, సాయానికొచ్చిన తల్లి కూడా వెళ్లిపోతోంది. ఇక ఉదయం డ్యూటీ అయ్యేదాకా పిల్ల ఇంటి కింద సెలూన్లో తండ్రి దగ్గరే ఉండాలి. ఉండనంటే ఉద్యోగం మానుకోవడమే. ఆ టికెట్ల కిటికీ అంటే ఆమెకి ప్రాణం. తన కాళ్ల మీద తను నిలబడ్డ చోటు అది. ఆ మాట పైకి అనలేదు. అంటే ఆయన మనసు నొచ్చుకుంటుందని దాచుకుంది.

"నేనంటే దానికి గిట్టదు అత్తయ్యా," అన్నాడు ఆయన ఒక రోజు కంచం ముందు కూర్చుని. ఆ పూట ఆయన నోట వచ్చిన మాట అదొక్కటే. జ్వరమేమోనని అత్తగారు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

సోమవారం డ్యూటీ. అలవాటు చేద్దామని శనివారం పొద్దున భార్యే పిల్లని ఎత్తుకుని సెలూన్లోకి దిగింది. గోడవారగా బెంచీ మీద కూర్చుంది. రిటైరైన పోస్టుమాన్ బాబాయి కుర్చీలో ఉన్నాడు. రేడియో ఆయన వెనక నిలబడి జుట్టు కత్తిరిస్తూ, ఎదురుగా అద్దంలో కనిపించే బాబాయితో మాట్లాడుతున్నాడు. మాటలూ, నవ్వూ, కనుబొమలెగరెయ్యడమూ అన్నీ అద్దానికే. గడ్డానికి నురగ పూశాక ప్రశ్నలు కూడా వేశాడు. జవాబులూ తనే చెప్పుకున్నాడు.

ఆమె చాలాసేపు చూసింది. పెళ్లయిన కొత్తలో తను జడ వేసుకుంటుంటే, వెనక నిలబడి అద్దంలోకి చూస్తూ గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు. అప్పుడు దాన్ని సరసం అనుకుంది. వృత్తి ధర్మమని ఇప్పుడు తెలిసొచ్చింది. నవ్వొచ్చింది. ఆ వెనకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏవండీ, మీ కూతురు మీ మొహం ఎప్పుడైనా చూసిందా?"

ఇదేం ప్రశ్న, రోజూ ఎత్తుకుంటున్నాను కదా అన్నాడాయన అద్దంలోంచి.

"ఎత్తుకుని భుజాన వేసుకుంటారు. దానికి కనపడేది గోడ. గోడ మాట్లాడుతుంటే పసిది జడుసుకోదా? పైగా మీరు ఆగరు. అదేదో అనబోతుంది, ఈలోపు మీరు ఇంకో కబురులో పడతారు. దాని నోటికేం నురగ పూయలేదుగా."

బాబాయి నవ్వు ఆపుకోలేక నురగ తుంపర్లు చిందించాడు. కత్తి ఇంకా గడ్డం మీద పెట్టలేదు కాబట్టి బతికిపోయాడు.

రేడియో నవ్వలేదు. కత్తి పక్కన పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు. ఖాళీగా ఉన్న రెండో కుర్చీని గిర్రున తిప్పి, అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె పిల్లని ఆయన ఒళ్లో పెట్టింది. మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని, మెడ కింద అరచేయి ఆన్చాడు. ఊళ్లో తలలన్నీ పట్టిన చెయ్యి అది. ఈ తలని మాత్రం ఎంత మెత్తగా పట్టాలో దానికి తెలియలేదు. పిల్ల మొహానికి జానెడు దూరంలో ఆయన మొహం. ఎదురుగా అద్దం లేదు, చేతిలో కత్తెర లేదు. ఊరి సంగతులన్నీ ఎటు పోయాయో, నోట మాట రాలేదు. పిల్ల ఆయన మీసాన్ని చూసింది, కళ్లని చూసింది, మళ్లీ మీసం దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, బావున్నావా?" అన్నాడు చివరికి. ఆగాడు.

ఆగడం ఎంత కష్టమో ఆయన గొంతులో కదిలే ఎముక చూస్తేనే తెలుస్తోంది. పిల్ల కనుబొమలు ముడిచింది. పెదాలు సున్నాలా చుట్టి వదిలేసింది. కాళ్లు తన్నింది. ఆయన ఏదో అనబోయేసరికి ఆమె నోటి మీద వేలు పెట్టుకుని సైగ చేసింది. ఆయన పెదవి కొరుక్కున్నాడు.

"ఉంగా," అంది పిల్ల. అని, నోరంతా తెరిచి తండ్రికి నవ్వింది.

ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. దాచుకోలేదు. గడ్డం మీద నురగ ఆరిపోయి దురద పెడుతున్నా, బాబాయి కదలకుండా కూర్చున్నాడు.

సోమవారం ఆమె పిల్లని అప్పగించి బయల్దేరింది. వీధి మలుపు దాకా వెళ్లి, మనసొప్పక వెనక్కి వచ్చింది. సెలూన్లోంచి చిన్న అలికిడి కూడా లేదు. రేడియో మోగడం లేదంటే ఏదో అయిందనుకుని, తలుపు పక్కనే నిలబడిపోయింది.

లోపలినుంచి సన్నగా "ఉంగా" అని వినిపించింది.

"అలాగా తల్లీ. తర్వాత?" అన్నాడాయన.

మళ్లీ నిశ్శబ్దం. ఆయన వింటున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, బస్సు అందుకోవడానికి పరుగెత్తింది.