క్యారెట్ పిప్పి తిన్న ఎలుకలు

1971 నవంబరులో నాంపల్లిలోని ఒక చిన్న పరిశోధనశాలలో జూనియర్ కెమిస్టుగా చేరాను. ఏడాది ప్రొబేషను. అప్పగించిన మొదటి పని క్యారెట్‌లోని రంగు, అంటే కెరోటిన్. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విషం నుంచి అది కాలేయాన్ని కాపాడుతుందా అన్నది ప్రశ్న. అబిడ్స్‌లో సూట్ల మరకలు తీసే దుకాణాల్లో అప్పట్లో ఆ ద్రవమే వాడేవారు. పనివాళ్లు రోజంతా దాన్ని పీల్చేవారు. కాలేయంలో అది విడిపోయి, కణాల పైపొరలోని కొవ్వును పాత నూనెలా చెడగొడుతుంది. రంగు మధ్యలో అడ్డుపడి ఆ దెబ్బ తాను తీసుకుంటుందని మా ఊహ.

ఎలుకలను మూడు గుంపులు చేశాం. మొదటిదానికి మేత మాత్రమే. రెండోదానికి విషం. మూడోదానికి రోజూ క్యారెట్ రసం, ఆపైన విషం. రెండో గుంపు కాలేయాలు పాలిపోయి కొవ్వు పట్టాలి. అప్పుడే మూడోదానితో పోల్చి ఏదైనా చెప్పగలం.

మూడు వారాల తర్వాత సగం ఎలుకలను కోసి చూస్తే, రెండో గుంపు కాలేయాలూ దాదాపు బాగానే ఉన్నాయి. మా సీనియర్ ఆఫీసరు స్లైడ్లు చూసి, విషమైనా నాసిరకం అయివుండాలి, నా చేతైనా తప్పివుండాలి అన్నారు. వారంలో కారణం తేల్చకపోతే ఫైలు మూసేస్తామన్నారు. ఆ ఫైలుతోపాటు నా ఉద్యోగమూ పోతుందని నాకు తెలుసు. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా పంతం పట్టింది.

మోతాదులు మళ్లీ లెక్కవేశాను. తప్పు లేదు. మరునాడు పొద్దున్నే పంజరాలన్నీ నేనే దించి చూశాను. రెండో గుంపు పంజరాల్లో, రంపపుపొట్టు కింద నారింజరంగు తునకలు కనిపించాయి.

మేత వేసే మల్లమ్మ గౌలిగూడ నుంచి నడిచి వచ్చేది. దినకూలీ మనిషి. అడిగితే దాచలేదు.

"ఔ సారు, నేనే ఏసిన. ఆటికి రసం పోస్తున్రు, గీటికేమో ఉత్త విషమే. పిప్పి పారేసుడెందుకని పెట్టిన."

రసం పిండాక కూడా పిప్పిలో బోలెడు రంగు మిగులుతుంది. గట్టిగానే అరిచాను. ఆమె బెదరలేదు.

"పెట్టొద్దని ఎవరన్న చెప్పిన్రా సారు?"

ఎవరూ చెప్పలేదు. మేత వేయి, నీళ్లు పెట్టు అన్నానే తప్ప, ఆ ఎలుకలు ఎందుకున్నాయో నేను చెప్పలేదు. అప్పుడు చెప్పాను. వీటి కాలేయాలు పాడైతేనే క్యారెట్ పనిచేసిందో లేదో తెలుస్తుందని, ఆ దుకాణాల పనివాళ్లకు పనికొస్తుందని. ఆమె పంజరాల వైపు చూసి, "జర ముందుగాల చెప్పాలె గద," అంది.

నివేదికలో ఆమె పేరు రాస్తే మరునాటి నుంచి ఆమెకు పని ఉండదు. కారణం దగ్గర, మేత గురించి కెమిస్టు తగిన సూచనలు ఇవ్వలేదని రాసి సంతకం పెట్టాను. అది అక్షరాలా నిజం. ఆఫీసరు రెండుసార్లు చదివి, ఇంకొక్క అవకాశం అన్నారు.

రెండోసారి పిప్పిని మల్లమ్మే బకెట్లో వేసి మూత పెట్టేది. ఈసారి రెండో గుంపు కాలేయాలు పసుపుగా పాలిపోయాయి. మూడో గుంపువి చాలావరకు నిలిచాయి. ఫైలు నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది. కోసే రోజు ఆ పంజరాలు ఆమే తెచ్చి బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లిపోయింది.

కారణం చెప్పకుండా నియమం మాత్రమే చెబితే, మనిషి తనకు తోచిన న్యాయం చేస్తాడని అప్పుడు నేర్చుకున్నాను. ఆ తర్వాత ప్రతి ప్రయోగానికీ ముందు మేత వేసేవాళ్లను కూర్చోబెట్టి, ఏ గుంపు ఎందుకు చావాలో చెప్పేవాణ్ణి. విన్నాక ఒకరిద్దరు పని మానేశారు. వాళ్లను ఆపలేదు.